ఇల్లు మారేటప్పుడు బరువు ఎక్కడుందో చూడండి

ఇల్లు మారిన మర్నాడు నడుం పట్టేసి మంచమెక్కేది ఎవరో ఎప్పుడైనా గమనించారా? బీరువాలూ ఫ్రిజ్జులూ మోసిన ముఠా కూలీలు సాధారణంగా కాదు. వాళ్లు పొద్దున్నే ఇంకెవరింటి సామానో దించుతూ ఉంటారు. మంచమెక్కేది ఇంటాయన, లేకపోతే ఇల్లాలు. అదైనా బీరువా ఎత్తి కాదు. వ్యాను వెళ్లిపోయాక మిగిలిన పుస్తకాల అట్టపెట్టెను "ఇదెంతలే" అనుకుని వంగి ఎత్తినందుకు.

కూలీల నడుములేమీ ఉక్కుతో చేసినవి కావు నాయనా. ఏళ్ల తరబడి మోసి మోసి వాళ్లూ నొప్పులతో బాధపడతారు. అయితే ఆ పూటకు వాళ్లను కాపాడేది కండ ఒక్కటే కాదు. బరువును ఒంటి మీద ఎక్కడ పెట్టుకోవాలో వాళ్లకు తెలుసు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసేవాళ్లను చూడండి. అంత బరువైన టిక్కీని ఎవరూ పొట్టముందు చేతులు చాచి పట్టుకోరు. పక్కవాళ్లు అందిస్తే వీపు మీదికో భుజం మీదికో తీసుకుంటారు. మన ఇళ్లలో ఆడవాళ్లు నీళ్లబిందెను చంకనెత్తుకున్నా, చుట్టకుదురు పెట్టుకుని తలమీద మోసినా కిటుకు అదే. బరువు వెన్నెముకకు దగ్గరగా ఉండాలి, వీలైతే సరిగ్గా దాని మీదే ఉండాలి.

ఎందుకో ఒక చిన్న లెక్కతో చెబుతాను. వంగి ఎత్తేటప్పుడు మన వెన్ను ఒక మీట. నడుం దగ్గరి పూస దాని ఆధార బిందువు. 20 కిలోల పెట్టెను చేతులు చాచి ఎత్తారనుకోండి, అది ఆ బిందువుకు దాదాపు 50 సెంటీమీటర్లు ముందు ఉంటుంది. దాన్ని వెనక్కి లాగి నిలబెట్టాల్సిన వీపు కండరాలేమో ఆ బిందువుకు 5 సెంటీమీటర్ల వెనకే ఉన్నాయి. దూరం పదో వంతు, కాబట్టి బలం పది రెట్లు కావాలి. చేతిలో ఉన్నది 20 కిలోలే, కండరాలు లాగాల్సింది మాత్రం 200 కిలోలకు సరిపడా. ముందుకు వంగిన తల, భుజాలు, ఛాతీ బరువు దీనికి అదనం. ఈ లాగుడంతా పూసల మధ్య ఉండే డిస్కుల మీద నొక్కుడుగా పడుతుంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. జర్మనీలోని ఉల్మ్‌లో పరిశోధకులు ఒక వాలంటీరు నడుం డిస్కులోకి సన్నని సెన్సర్ పంపి, అతను రకరకాల పనులు చేస్తుంటే లోపలి పీడనం కొలిచారు. ఆ ఫలితాలు 1999లో అచ్చయ్యాయి. ఊరికే నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి అయిదు రెట్లు. 20 కిలోల బరువును వీపు గుండ్రంగా వంచి ఎత్తినప్పుడు 2.3. అదే బరువును మోకాళ్లు వంచి ఎత్తినప్పుడు 1.7. దాన్నే ఒంటికి దగ్గరగా హత్తుకుని నిలబడితే 1.1. బరువు మారలేదు, మనిషీ మారలేదు. బరువు ఉన్న చోటు, ఎత్తిన తీరు మారాయి, అంతే.

అమెరికాలో కార్మికుల భద్రత చూసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ ఎత్తుడు పనులకు ఒక లెక్క కట్టింది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే పెట్టె ఒంటికి దగ్గరగా, నడుం ఎత్తులో, పట్టు బాగా దొరికేలా ఉన్నప్పుడు కూడా 23 కిలోలే హద్దు అంది. అదే పెట్టె 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే హద్దు సగానికి పడిపోతుంది. ఇప్పుడు మన పుస్తకాల పెట్టె సంగతి చూద్దాం. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న చిన్న పెట్టెలో పుస్తకాలు దట్టంగా పేరిస్తే సుమారు 20 కిలోలు తూగుతుంది. మరి టీవీ వచ్చిన పెద్ద అట్టపెట్టెలో పిల్లల టెక్స్టుబుక్కులు నింపితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. పుస్తకాలు, స్టీలు సామాను చిన్న పెట్టెల్లోకి, దిండ్లు, దుప్పట్లు పెద్ద పెట్టెల్లోకి పోవాలి. చాలా ఇళ్లలో దీనికి తిరగేసి చేస్తారు.

ఎత్తేటప్పుడు పెట్టెకు దగ్గరగా వెళ్లి, కాళ్లు ఎడం చేసి, మోకాళ్లు వంచి, పెట్టెను పొట్టకు ఆనించుకుని లేవండి. తిరగాల్సి వస్తే పాదాలు తిప్పండి, నడుం మెలిపెట్టకండి. వంగుడు, బరువు, మెలిక మూడూ కలిసినప్పుడే డిస్కుకు ఎక్కువ దెబ్బ.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి ఇంకోటుంది. మనకు ముహూర్తం చాలాసార్లు తెల్లవారుజామున వస్తుంది. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కుల మీద బరువుండదు కాబట్టి అవి చుట్టూ ఉన్న నీటిని పీల్చుకుని నానబెట్టిన శనగల్లా ఉబ్బుతాయి. పొద్దున లేచేసరికి మనం ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగు కూడా ఉంటాం. ఆ పొడుగులో సుమారు సగం లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది. ఉబ్బి బిగిసి ఉన్న డిస్కు వంగుడును అంత బాగా తట్టుకోలేదు. అందుకని నాలుగున్నరకు లేచి అయిదింటికి బీరువా కింద చెయ్యి పెట్టడం మంచిది కాదు. ముహూర్తానికి దేవుడి పటం, పసుపు కుంకుమ, ఉప్పు, పప్పు, నీళ్లబిందె తీసుకెళ్లి పాలు పొంగించి, బరువు సామాను ఎండ వచ్చాక కదిలించే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పద్ధతి డిస్కులకు సరిగ్గా సరిపోయింది. దాన్ని వదులుకోకండి.

ఇక బీరువా. మామూలు ఇనప బీరువా 78 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల లోతు ఉంటుంది. ఏ వస్తువైనా దాని గురుత్వ కేంద్రం నుంచి కిందికి గీసిన నిట్టనిలువు గీత దాని అడుగుభాగం లోపల పడినంతసేపే నిలబడుతుంది. లోపల సామాను సమంగా ఉంటే బీరువా గురుత్వ కేంద్రం సరిగ్గా మధ్యలో, 39 అంగుళాల ఎత్తున ఉంటుంది. లెక్క వేస్తే అది ముందుకో వెనక్కో 14 డిగ్రీలు వాలగానే ఆ గీత అడుగు దాటిపోతుంది. 14 డిగ్రీలంటే అంత పెద్ద వాలేమీ కాదు. పై అరల్లో పట్టుచీరలు, అటక మీద నుంచి దించిన ఇత్తడి సామాను పెట్టి కింద ఖాళీ వదిలేస్తే కేంద్రం ఇంకా పైకి పోతుంది, 10 డిగ్రీలకే పడిపోవచ్చు. పక్కకు వాల్చితే మాత్రం దాదాపు 25 డిగ్రీల దాకా ఆగుతుంది. అందుకే అనుభవమున్న కూలీలు బీరువాను పక్కకు వాల్చి, ఒక కోడు మీద తిప్పుతూ నడిపిస్తారు తప్ప ముందుకు వాల్చరు.

కాబట్టి బీరువాను ఖాళీ చెయ్యండి, లాకరుతో సహా. తాళం వేసి, తలుపుల చుట్టూ తాడు కట్టండి. తలుపులు తెరుచుకున్నాయంటే వాటి బరువు, అద్దం బరువు ఒక్కసారిగా ముందుకు వస్తాయి. కొత్త ఇంట్లో పెట్టాక ముందు కోళ్ల కింద సన్నని చెక్క పెట్టి వీసమెత్తు వెనక్కి వాలేలా చూడండి. పసిపిల్లలున్న ఇంట్లో టీవీ స్టాండును, సొరుగుల బల్లను గోడకు బిగించే దాకా వాళ్లను ఆ గదిలో ఒంటరిగా వదలొద్దు. పిల్లలు సొరుగులు లాగి మెట్లుగా ఎక్కుతారు. ఈ ఒక్క విషయంలో రేపు చూద్దాం అనుకోకండి.

గదిలో జరపడానికి ఎత్తే పని లేదు. కోళ్ల కింద తడి గోనెసంచి వేసి, నున్నని బండల మీద లాగితే చాలు. రాపిడి తగ్గించి బరువు జరపడం మనిషికి చాలా పాత విద్య. ఈజిప్టులో దాదాపు 3,900 ఏళ్ల కిందటి జెహుతిహోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద ఒక చిత్రం ఉంది. పెద్ద విగ్రహాన్ని చక్రాల్లేని బండి మీద పెట్టి ఇసుకలో లాగుతుంటారు. బండి ముందు భాగం మీద ఒకడు నిలబడి ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. ఆ నీళ్లు ఏదో పూజ కోసం అని చాలాకాలం అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూస్తే, సరిపడా తడిపిన ఇసుక మీద లాగడానికి కావాల్సిన బలం దాదాపు సగానికి తగ్గింది. పొడి ఇసుక బండి ముందు కుప్ప పడుతుంది, తడిసిన ఇసుక గట్టిపడి దారిస్తుంది.

మెట్ల దగ్గర ఈ విద్యలేవీ పనికిరావు. అక్కడ ఇద్దరు మోస్తే బరువు చెరిసగం పడుతుందనుకోవడం పొరపాటు. పొడుగాటి వస్తువు వాలుగా ఉన్నప్పుడు దాని గురుత్వ కేంద్రం కింది మనిషి వైపు జరుగుతుంది. మెట్లు ఎంత నిటారుగా ఉంటే కింది మనిషి మీద అంత ఎక్కువ బరువు. పైగా చెయ్యి జారితే వస్తువు వచ్చి పడేదీ అతని మీదే. బలమైన వాళ్లు, అనుభవమున్న వాళ్లు కింద ఉండాలి. పై మనిషి అడుగు తీసే ముందు నోటితో చెప్పాలి. మెట్ల మీద పిల్లలు, చెప్పులు, ముగ్గు తడి ఏవీ ఉండకూడదు. కింది మనిషికి వెనక ఎవరూ నిలబడకూడదు, సాయం పట్టడానికైనా సరే.

ఫ్రిజ్‌ను నిలువుగానే తీసుకెళ్లండి. కింద ఉన్న కంప్రెసర్‌లో నూనె ఉంటుంది. పడుకోబెడితే అది గొట్టాల్లోకి పోతుంది. తప్పనిసరై పడుకోబెట్టినా, దించాక నిలబెట్టి కొన్ని గంటలు ఆగి అప్పుడు స్విచ్చి వెయ్యండి. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో చల్లబరిచే వాయువు ఐసోబ్యూటేన్, అది మండే వాయువు. వెనకాల గొట్టాలకు మేకులూ తాళ్లూ ఒరుసుకోకుండా చూడాలి. అద్దాలు, టీవీ తెర, గ్రానైట్ పలక కూడా నిలువుగానే పెట్టాలి, పరుపు మీద పడుకోబెట్టడం క్షేమం అనిపించినా సరే. పడుకోబెట్టిన అద్దం గతుకు దగ్గర వంగకుండా ఆపేది దాని మందం ఒక్కటే, అది కొన్ని మిల్లీమీటర్లు. నిలబెట్టినప్పుడు అద్దం ఎత్తంతా ఆ వంగుడుకు అడ్డం నిలుస్తుంది.

ఇన్వర్టర్ బ్యాటరీ ఇల్లు మారేవాళ్లకే కాదు, దుకాణాలు మార్చేవాళ్లకు కూడా ఎదురయ్యేదే. పెద్ద ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలు దాటుతుంది, లోపల సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఇన్వర్టర్ ఆపి, ప్లగ్గు తీసి, వైర్లు విప్పాక రెండు టెర్మినళ్లకూ టేపు చుట్టండి. పానా రెండింటికీ తగిలిందంటే ఎర్రగా కాలిపోయేంత కరెంటు పారుతుంది. ఒలికితే వంట సోడా చల్లండి. ఒంటి మీద పడితే మాత్రం సోడా కాదు, ధారగా నీళ్లు.

ఇంతవరకూ కంటికి కనిపించే బరువుల సంగతి. కనిపించని బరువులు ఇంకా ప్రమాదం.

వంటగ్యాసు సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. ఖాళీ సిలిండర్ బరువు కూడా దాదాపు అంతే, కాబట్టి నిండుది 30 కిలోలు. ఒక్కరే ఎత్తకండి, అంచు మీద దొర్లించండి. ఎప్పుడూ నిలువుగా ఉంచండి. నిలువుగా ఉంటే పైన ఆవిరి, కింద ద్రవం. పడుకోబెడితే వాల్వు దగ్గరికి ద్రవం వస్తుంది, కారితే అదే కారుతుంది. ద్రవం ఆవిరైతే దాదాపు 250 రెట్లు పెరుగుతుంది. నైలాన్ తాడుతో వేలాడే తెల్ల మూత బిగించి, తెరిచిన వాహనంలో నిలబెట్టి కట్టండి. మనుషులు కూర్చున్న కారు డిక్కీలో పెట్టకండి.

ఈ గ్యాసు గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. అది పైకి పోదు, నేల మీద పరుచుకుని గుమ్మాల కింద నుంచి పక్క గదిలోకి జారుతుంది. గాలిలో 2 శాతం కలిస్తే చాలు, అంటుకుంటుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదికి ఆ 2 శాతం అంటే సుమారు కిలోంపావు గ్యాసు. నేల దగ్గరే చేరుతుంది కాబట్టి అంతకు తక్కువైనా అక్కడ అంటుకోవచ్చు. కొత్త ఇంట్లో గట్టు కింద తలుపులున్న అరలో సిలిండర్ పెట్టేటట్లయితే ఆ తలుపులకు గాలి కన్నాలు అడుగున ఉండాలి. పైన ఎన్ని ఉన్నా ఈ గ్యాసు బయటికి పోదు.

గ్యాసుకు స్వతహాగా వాసన ఉండదు. మనకు తెలియాలని మెర్కాప్టన్ అనే గంధకపు పదార్థం కలుపుతారు. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని న్యూ లండన్ బడి నేలమాళిగలో వాసన లేని సహజవాయువు చేరి పేలింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువ మంది పిల్లలు. ఆ దుఃఖం తర్వాతే గ్యాసుకు వాసన కలపాలని టెక్సస్ చట్టం చేసింది. మరి గృహప్రవేశం రోజు మన ముక్కుకు ఏ వాసన తెలుస్తుంది చెప్పండి? కొత్త పెయింటు, ఫినాయిలు, సాంబ్రాణి, అగరొత్తులు, బంతిపూలు. దుమ్ముకు జలుబు చేసి ఉంటుంది కూడా. పైగా ఆ రోజు దీపాలు, హోమగుండం నేల మీదే ఉంటాయి, గ్యాసు చేరేదీ నేల మీదే.

అందుకని ఆ రోజు ముక్కును నమ్ముకోవద్దు. రెగ్యులేటర్ బిగించాక అతుకుల దగ్గర సబ్బునురుగు రాయండి, బుడగలొస్తే కారుతున్నట్టు. పాత గొట్టాన్ని విప్పి మళ్లీ బిగించేటప్పుడు దాని వయసు చూడండి. అయిదేళ్లు దాటినా, వంచితే పగుళ్లు కనిపించినా మార్చెయ్యండి. కిటికీలు తీసి, ఆ పరీక్ష అయ్యాకే పాలు పొంగించండి. అనుమానం వస్తే రెగ్యులేటర్ కట్టేసి, దీపాలు ఆర్పి, తలుపులు తెరిచి, ఏ స్విచ్చీ వెయ్యకుండా, తియ్యకుండా బయటికొచ్చి 1906కు ఫోన్ చెయ్యండి. ఎగ్జాస్ట్ ఫ్యాను వేద్దామనిపిస్తుంది. వద్దు, స్విచ్చిలో నిప్పురవ్వ చాలు.

ఖాళీ చేసే ఇంటిని కడిగి ఇవ్వడం మన మర్యాద. అక్కడా ఒక బరువు గాలి కాచుకుని ఉంటుంది. బాత్రూం మరకలకు యాసిడ్ పోస్తారు, పోలేదని దాని మీద బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం కందకాల్లోని సైనికుల మీదికి వదిలింది ఆ వాయువునే. గాలికన్నా రెండున్నర రెట్లు బరువు కాబట్టి అది కందకాల్లోకి దిగింది. మన బాత్రూంలో తలుపేసుకుని, గొంతుక్కూర్చుని రుద్దే మనిషి ముక్కు కూడా నేల దగ్గరే ఉంటుంది. ఒకటి వాడాక నీళ్లతో పూర్తిగా కడిగేసి, ఇంకోటి ఇంకో రోజు వాడండి, లేదా అసలు వాడకండి. పని మనిషికి రెండు సీసాలూ కలిపి ఇవ్వకండి, ఆమె ప్రాణం మీ చేతిలో ఉంది. కళ్లు మండి దగ్గు మొదలైతే వెంటనే బయటి గాలిలోకి రావాలి. ఊపిరి ఇబ్బంది తగ్గినట్టనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి. క్లోరిన్ ఊపిరితిత్తులకు చేసిన హాని కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

చేరబోయే ఇంట్లో నెలల తరబడి మూసి ఉన్న నీళ్ల సంపు ఉంటే, శుభ్రం చేద్దామని ఎవరినీ దింపకండి. లోపల కుళ్లిన చెత్త ప్రాణవాయువును తినేస్తుంది, బరువైన కార్బన్ డయాక్సైడ్ అడుగున నిలుస్తుంది. మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ అక్కడ బాగా తగ్గిపోతే దిగిన మనిషి అరవకుండానే పడిపోతాడు. అతన్ని తీద్దామని దిగినవాడూ పడిపోతాడు. ఒకే సంపులో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తల్లో చాలావరకు ఇలాంటివే. దీపం దింపి చూడడం చాలదు, విషవాయువుల సంగతి దీపం చెప్పదు. సరైన పరికరాలున్న వాళ్లను పిలవండి. ఎవరైనా లోపల పడిపోతే దిగకండి, 112కు ఫోన్ చెయ్యండి.

చివరిగా ఒక మాట. బడి సెలవులని మనలో చాలామందిమి ఏప్రిల్, మే నెలల్లో ఇల్లు మారతాం. మీ సామాను మోసేవాళ్లకు మంచినీళ్లు, మజ్జిగ మొదట దించిన గదిలోనే పెట్టించండి. మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు ఆగుదామంటే ఒప్పుకోండి, తొందరపెట్టకండి. ప్రతి పెట్టె మీదా లోపల ఏముందో, సుమారు ఎన్ని కిలోలో పెద్ద అక్షరాలతో రాయండి. ఎత్తే మనిషికి వంగకముందే బరువు తెలియాలి.